తెల్లవారుజామున నాలుగు మాత్రలు

ఐదింటికి అలారం మోగుతుంది. గ్లాసెడు నీళ్లు, నాలుగు మాత్రలు తీసుకెళ్లి ఆయన చేతిలో పెడతాను. అబిరాటెరోన్, ఒక్కొక్కటి 250 మిల్లీగ్రాములు. పరగడుపునే వేసుకోవాలి, ఆ తర్వాత గంటసేపు ఏమీ తినకూడదు. కడుపులో తిండి ఉంటే మందు ఒంటికి మోతాదు మించి పడుతుందట. ఆరున్నరకు నేను ఉగ్గానికి తాలింపు వేస్తాను. టిఫిన్‌తో పాటు చిన్న స్టెరాయిడ్ మాత్ర. అబిరాటెరోన్ వల్ల బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది కాబట్టి రెండింటి మీదా ఓ కన్ను వేసి ఉంచాలి. పదకొండు నెలలుగా మా ఇంట్లో తెల్లవారేది ఇలాగే.

మా ఆయనకు 44 ఏళ్లు. ప్రోస్టేట్ క్యాన్సర్, నాలుగో దశ. ప్రోస్టేట్ అంటే మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి. ఎముకలకు పాకింది.

ఈ మాట చెప్పగానే అందరూ అనేది ఒకటే: "అది ముసలివాళ్లకు వచ్చే జబ్బు కదమ్మా?" మొదట్లో ఓపిగ్గా వివరించేదాన్ని. ఇప్పుడు కోపం వస్తోంది. ఆ నమ్మకమే మా ఎనిమిది నెలలు మింగేసింది. ఆయన బడిలో లెక్కల మాస్టారు, రోజూ బండి మీద రానూపోనూ డెబ్బై కిలోమీటర్లు. నడుము నొప్పి అంటే అందరూ బండినే తిట్టారు. ఒకచోట బెల్టు ఇచ్చారు, ఇంకోచోట డి విటమిన్ రాశారు. రాత్రి నాలుగైదు సార్లు మూత్రానికి లేస్తున్నారని నేను చెబితే సాయంత్రం నీళ్లు తగ్గించమన్నారు. పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష ఒక్కరూ రాయలేదు. చివరికి కాళ్లు తిమ్మిరెక్కి బడి మెట్ల మీద కూలబడితే అప్పుడు ఎంఆర్‌ఐ తీశారు. వెన్నుపూసల్లో మచ్చలు. మర్నాడు పీఎస్‌ఏ వచ్చింది: 412. మామూలుగా నాలుగు లోపు ఉండాలి.

నేను సహకార సంఘంలో లెక్కలు రాస్తాను. ఆ అంకెలో ఎక్కడో చుక్క పడలేదేమోనని కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగుకు అడ్డంగా పట్టి చూశాను.

హైదరాబాద్‌లో డాక్టరు రెండు దారులు చెప్పారు. ఈ జబ్బుకు మేత మగ హార్మోన్, దాన్ని ఆపేయాలి. వృషణాలు తీసేస్తే ఒక్కసారితో అయిపోతుంది, ఖర్చూ తక్కువ. లేదంటే మూడు నెలలకొక ఇంజెక్షన్. ఈ కిటుకును చార్లెస్ హగ్గిన్స్ అనే వైద్యుడు 1941లోనే చూపించారని, 1966లో ఆయనకు నోబెల్ వచ్చిందని తర్వాత చదివాను. ఆ రోజు మాత్రం మా ఆయన డాక్టరు గదిలో నోరు విప్పలేదు. తిరుగు బస్సులో, జడ్చర్ల దాటాక, కిటికీలోంచి చూస్తూ అన్నారు: "మా నాన్న కోడెలకు విత్తు కొట్టించేటప్పుడు తాళ్లు పట్టుకున్నది నేనే." కర్నూలు వచ్చేదాకా నేను ఆయన చెయ్యి వదలలేదు.

ఇంజెక్షనే ఎంచుకున్నాం. రెండూ చేసే పని ఒకటే. కానీ ఆయన మనసు ఒప్పుకున్నది దానికే.

ఇక్కడి నుంచి రాయాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను. నాలాంటి ఇంకొక భార్య చదువుతుందేమోనని రాస్తున్నాను. ఆ ఇంజెక్షన్‌తో కోరిక పోతుంది. మాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. నాకు 38 ఏళ్లు. రెండో నెల దాటాక ఆయన మంచం చివరికి జరిగి పడుకోవడం మొదలుపెట్టారు. తాకితే ఏదో అడుగుతున్నానని ఆయన అనుకుంటారేమో, తాకకపోతే ఏవగించుకుంటున్నానని అనుకుంటారేమో అని నాకు గుంజాటన. నాలుగు నెలలు అలాగే గడిచాయి. ఒక రాత్రి నేనే అడిగేశాను: "నా చెయ్యి మీకు బరువుగా ఉందా?"

చాలాసేపటికి అన్నారు: "నీకు బాకీ పడిపోయినట్టుంది."

"బాకీల పద్దు రాసేది నేను కదండీ. మీ పేరు మీద ఏమీ లేదు."

ఆయన ఏడ్చారు. మా మామగారు పోయినప్పుడు తప్ప ఆయన ఏడవగా నేను చూడలేదు. ఆ రాత్రి నుంచి మళ్లీ చెయ్యి మీద చెయ్యి వేసుకుని పడుకుంటున్నాం. పోయినదాని గురించి నాకు దిగులు లేదంటే అబద్ధం. ఉంది. ఆ సంగతి కూడా ఆయనకు చెప్పాను.

ఇంజెక్షన్ వల్ల ఒంట్లోంచి సెగలు పుడతాయి. డిసెంబర్ చలిలోనూ రాత్రి రెండింటికి చెమటకు బనియను తడిసి ముద్దయ్యేది. తీగ మీద రోజూ నాలుగైదు బనియన్లు ఆరడం మా అత్తమ్మ కంటపడింది. దాచకుండా చెప్పాను. ఆమెకు 71 ఏళ్లు, అంతా విని ఏమీ అనలేదు. ఆ రాత్రి విసనకర్ర తీసుకుని వచ్చి కొడుకు పక్కన కూర్చున్నారు.

"సెగ మెడ దగ్గర మొదలవుతుందా నాయనా, గుండెల దగ్గరా?"

"గుండెల దగ్గరమ్మా."

"నాకు ముట్లు ఆగినప్పుడు రెండేళ్లు ఇంతే. నాకూ అక్కడే మొదలయ్యేది."

తడిగుడ్డ మడిచి మెడ మీద వేశారు. రాత్రి కూరలో కారం తగ్గించమని నాకు చెప్పారు. ఏ ఆస్పత్రిలోనూ దొరకని సాంత్వన ఆ నాలుగు మాటల్లో ఆయనకు దొరికిందని నా నమ్మకం.

చిన్న వయసులో ఇంత ముదిరి బయటపడింది కాబట్టి జన్యుపరీక్ష చేయించారు. బీఆర్‌సీఏ2 అనే జన్యువులో లోపం ఉంది. రొమ్ము క్యాన్సర్ తెచ్చే లోపమే. మా ఆయన మేనత్త పోయింది ఆ జబ్బుతోనే, కానీ ఇన్నేళ్లూ ఈ రెండింటినీ కలిపి చూసినవాళ్లు లేరు. ఆ లోపం ఉన్నవాళ్లకు పనికొచ్చే మాత్ర ఉందని, అవసరమైనప్పుడు వాడతామని డాక్టరు చెప్పారు. మా మరిదికి 41, పరీక్ష అంటే తప్పించుకు తిరిగాడు. నేనే వెంటబడి తీసుకెళ్లి రక్తం ఇప్పించాను. ఇంట్లో తండ్రికో అన్నకో ఈ జబ్బు ఉంటే నలభై దాటగానే పీఎస్‌ఏ గురించి అడగండి. సిగ్గుపడకండి. ఆడపడుచులు కూడా జన్యుపరీక్ష గురించి అడగాలి.

మా ఆయన పీఎస్‌ఏ ఇప్పుడు 0.8. డాక్టరు సంతోషించారు. ఇది నయమైనట్టు కాదని కూడా ఆ నోటితోనే చెప్పారు.

2009 అక్టోబర్ 2న కర్నూలును తుంగభద్ర, హంద్రీ ముంచెత్తినప్పుడు మాకు పెళ్లయి ఎనిమిది నెలలు. నీళ్లు గడప దాటగానే ఆయన మా అత్తమ్మను వీపున ఎక్కించుకుని మేడ మీదికి చేర్చారు. మళ్లీ దిగి, నడుములోతు నీళ్లలో నడిచి, సోనామసూరి బియ్యం బస్తా భుజాన వేసుకుని వచ్చారు. ఆ నడుముతో ఇప్పుడు మంచినీళ్ల క్యాను కూడా ఎత్తకూడదు, వెన్నుపూస విరిగే ప్రమాదం ఉంది. పోయిన ఆదివారం క్యాను వాకిట్లో ఉండిపోయింది. ఆయన దాని ముందు కాసేపు నిలబడి, పద్నాలుగేళ్ల మా అబ్బాయిని పిలిచారు. వాడు వంగబోతుంటే భుజం పట్టుకుని ఆపారు.

"నడుము వంచకు. మోకాళ్లు వంచు. క్యాను ఒంటికి దగ్గరగా పెట్టుకో. ఇప్పుడు లెయ్యి."