గర్భంలో బిడ్డ సరే, మరి ఆ తల్లి?

వైజాగ్‌లో జ్ఞానాపురం వైపు ఏ చర్చిలో అబార్షన్ మాట వచ్చినా 139వ కీర్తన వినిపిస్తుంది, "నా తల్లి గర్భమందు నన్ను నిర్మించినవాడవు నీవే" అని. నేను మనసారా నమ్మే మాట అది. గర్భం దాల్చిన క్షణం నుంచే ప్రాణం పవిత్రమని కాథలిక్ సంఘం బోధ. ప్రొటెస్టెంట్లలో కొందరు తల్లి ప్రాణానికి ముప్పుంటే మినహాయింపు ఉండాలంటారు. 1971 నాటి అబార్షన్ చట్టం 2021 సవరణ తర్వాత కొన్ని పరిస్థితుల్లో 24 వారాల వరకు ఒప్పుకుంటోంది. చట్టం ఒప్పుకున్నా నా మనసు ఒప్పుకోదు. ఇక ఆడపిల్లని తెలిసి తీయించుకోవడమైతే మరీ ఘోరం (లింగ నిర్ధారణ నిషేధానికి 1994లోనే చట్టం చేశారు).

కానీ నాకు కోపం తెప్పించేది మనవాళ్ల తీరు. పెళ్లి కాకుండా గర్భం వచ్చిన అమ్మాయి చర్చి మెట్లెక్కితే గుసగుసలు మొదలుపెట్టేది మనమే, ఆ భయానికి ఎవరికీ చెప్పుకోలేక ఎక్కడో మాత్రలు కొని మింగి, రక్తస్రావం ఆగక ఆసుపత్రిపాలైతే "పాపం చేసింది" అనేదీ మనమే. ప్రాణం దేవుడిదంటే ఆ అమ్మాయిదీ దేవుడిదే కదా! చర్చిలోని స్త్రీల సమాజం వాళ్లు ముందు ఆమె ఇంటికి వెళ్లాలి, స్కానింగుకు తోడు వెళ్లాలి, కాన్పు ఖర్చు సంఘం పెట్టుకోవాలి, పెంచలేనంటే బిడ్డను చట్టప్రకారం దత్తతకు ఇచ్చే దారి చూపించాలి. వచ్చే ఆదివారం మా పాస్టరుగారిని ఇదే అడగబోతున్నాను.