జీఆర్‌ఈ వెర్బల్: బట్టీ పట్టడం మానేసి పదాల పుట్టుక చదివితే ఏమైంది

ఫ్రెండ్స్, విదేశాల్లో పీజీ కోసం రాసే జీఆర్‌ఈ పరీక్షలో ఇంగ్లిష్ భాగమైన వెర్బల్ గురించి అడిగేవాళ్లలో చాలామందిది ఒకటే గోల: ఇంగ్లిష్ పదాల లిస్టు మొత్తం బట్టీ పట్టాం, హాల్లో కూర్చుంటే ఒక్కటీ గుర్తు రావట్లేదు అని. ఎలా వస్తాయి మరి? అబేట్, అబెరెంట్, అబేయన్స్, అబ్‌స్కాండ్ అని అక్షర క్రమంలో చదివితే ఒకేలా వినిపించే పదాలన్నీ ఒకేచోట పోగుపడి కలిసిపోతాయి. పైగా ఎన్నిసార్లు కొత్తగా మొదలుపెట్టినా 'ఏ' దగ్గరే మొదలుపెడతాం కాబట్టి 'ఏ' పదాలు బ్రహ్మాండంగా వస్తాయి, 'ఎస్' దాకా ఎవరూ వెళ్లరు. నేను లిస్టు పక్కన పెట్టి, పదం ఎక్కడ పుట్టిందో చూసుకుంటూ చదివాను. బాగా పనిచేసింది, కానీ ఒక షరతు ఉంది, తర్వాత చెప్తా.

ముందు కుటుంబాలు పట్టుకోండి. లాటిన్‌లో గ్రెక్స్ అంటే మంద. నలుగురిలో కలిసిమెలిసి ఉండేవాడు గ్రిగేరియస్, అందరూ ఒకచోట చేరితే కాంగ్రిగేట్, విడదీస్తే సెగ్రిగేట్, అన్నీ కలిపి లెక్కేస్తే అగ్రిగేట్. అలాగే కాల్క్స్ అంటే మడమ. చెప్పిన మాట వినకుండా వెనక్కి తన్నే మొండివాడు రికాల్సిట్రంట్. అదే మడమతో తొక్కి తొక్కి లోపలికి దిగేసేది ఇన్‌కల్కేట్, మనం నూరిపోయడం అంటామే, అది. సూపర్‌సిలియమ్ అంటే కనుబొమ్మ, ఎదుటివాళ్లని చూసి కనుబొమ్మ ఎగరేసే పొగరుబోతు సూపర్‌సిలియస్. ఇది ఒకసారి తెలిశాక మర్చిపోవడం కష్టం. నాకు అన్నిటికంటే ఇష్టమైంది మాత్రం డెసల్టరీ. రోమన్ల పందేల్లో పరిగెత్తే గుర్రం మీంచి ఇంకో గుర్రం మీదికి దూకే ఆటగాణ్ణి డెసల్టర్ అనేవారు, అందుకే ఒక పద్ధతీ పాడూ లేకుండా దీన్నుంచి దానికి గెంతే మాటల్నీ చదువునీ డెసల్టరీ అంటారు. మనలో సగం మంది ప్రిపరేషన్‌కి ఇదే సరైన పేరు.

చరిత్ర ఉన్న పదాలు ఇంకా తేలిక. ప్రాచీన ఏథెన్స్‌లో జనం కుండ పెంకుల మీద పేరు గీకి ఓటేసి, ఒక మనిషిని 10 ఏళ్లపాటు నగరం నుంచి పంపేసేవాళ్లు. ఆ పెంకు పేరు ఆస్ట్రకాన్, దాన్నుంచే ఆస్ట్రసైజ్, అంటే వెలివేయడం. స్పార్టా ఉన్న ప్రాంతం లకోనియా, అక్కడివాళ్లు ముక్తసరిగా మాట్లాడతారని పేరు, అదే లకానిక్. మాసిడోనియా రాజు ఫిలిప్ 'నేను మీ నేల మీద అడుగుపెడితే నాశనం చేస్తా' అని కబురు పంపితే, స్పార్టా వాళ్లు 'పెడితే' అని ఒక్క ముక్క రాసి పంపారని కథ. సెరెండిపిటీ అంటే వెతక్కుండానే మంచిది తగలడం, ఆ పదాన్ని 1754లో ఇంగ్లిష్ రచయిత హోరేస్ వాల్పోల్ ఒక ఉత్తరంలో తయారుచేశాడు, శ్రీలంకకి పాత పేరైన సెరెండిప్ నుంచి.

ఇప్పుడు షరతు. పుట్టినప్పటి అర్థం ఒకటి, ఇప్పటి అర్థం ఇంకొకటి అయిన పదాలు చాలా ఉన్నాయి, పరీక్షలో అడిగేది ఇప్పటిదే. ఎగ్రీజియస్ కూడా మంద కుటుంబమే, మందలోంచి విడిగా నిలబడిన గొప్పవాడు అని ఒకప్పటి అర్థం, ఇప్పుడు మాత్రం దారుణమైన తప్పుకి వాడతారు. రెస్టివ్ మొదట్లో కదలనని మొండికేసిన గుర్రం, ఇప్పుడు అసహనంతో ఒకచోట నిలవలేనివాడు. కాబట్టి పుట్టుక చూసి ఊహించి ఆప్షన్ పెట్టేయకండి, డిక్షనరీలో ఇప్పటి వాడుక వాక్యం ఒకటి చదివాకే నోట్స్‌లో రాయండి.

చూపుకి మోసం చేసేవి ఇంకో బ్యాచ్. ఎనర్వేట్ అంటే ఎనర్జీ ఇవ్వడం కాదు, ఉన్న సత్తువ తీసేయడం, నరం కోసేయడం అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. నాయ్‌సమ్‌కీ శబ్దానికీ సంబంధం లేదు, అది చిరాకు పెట్టడం అనే అర్థమున్న అనాయ్ చుట్టం, కంపు కొట్టేది అని అర్థం. క్యుపిడిటీ అంటే ప్రేమ కాదు, డబ్బు మీద యావ. మెరెట్రీషియస్ చూసి మెరిట్ అనుకుంటారు, కానీ అది పైకి తళుకే తప్ప లోపల సరుకు లేనిది. విచిత్రం ఏంటంటే రెండూ సంపాదించడం అనే ఒకే లాటిన్ క్రియ నుంచి పుట్టాయి, కాకపోతే మెరెట్రీషియస్ వేశ్య అనే మాట మీదుగా వచ్చింది.

2011లో పరీక్ష మారినప్పుడు యాంటనిమ్స్ (వ్యతిరేక పదాలు), అనాలజీలు (పదాల జంటల మధ్య పోలిక) తీసేశారు, కాబట్టి పాత పుస్తకాల్లో వాటి ప్రాక్టీస్ వదిలేయండి. ఇప్పుడు సెంటెన్స్ ఈక్వివలెన్స్ అనే ప్రశ్నల్లో వాక్యంలోని ఖాళీలో ఏది పెట్టినా ఒకే అర్థం వచ్చే పదాలు ఆరు ఆప్షన్లలోంచి రెండు పట్టుకోవాలి, ఒకటే కరెక్ట్ అయితే మార్కు లేదు. అక్కడ పుట్టుక కంటే సూక్ష్మమైన తేడాలే కాపాడతాయి. లకానిక్ అంటే తక్కువ మాటల్లో చెప్పేవాడు, టాసిటర్న్ అసలు నోరు విప్పడానికే ఇష్టపడడు, రెటిసెంట్ మనసులో మాట బయటపెట్టడు, కర్ట్ అయితే ఆ క్లుప్తతలో కాస్త మొరటుతనం ఉంటుంది. ఇవన్నీ 'తక్కువ మాట్లాడటం' అని ఒకే గాటన కట్టేస్తే టెన్షన్‌లో ఏది పెట్టాలో తెలీదు.

ఇంకోటి, ఫార్వర్డుల్లో వచ్చే కథలు నమ్మకండి. న్యూస్ అంటే నాలుగు దిక్కుల మొదటి అక్షరాలు అని, పోష్ అంటే ఓడలో ఖరీదైన సీట్ల పొట్టిపేరు అని చెప్తుంటారు. న్యూస్ అనేది కొత్త అనే మాట బహువచనం, అంతే. పోష్ కథకైతే ఆధారమే దొరకలేదు.

టైమ్ తక్కువున్నవాళ్లు కుటుంబాల జోలికి పోకుండా ముందు ఆ మోసం చేసే బ్యాచ్ చదవండి, మార్కులు ఎక్కువ పోయేది అక్కడే. టైమ్ ఉన్నవాళ్లు కూడా నోట్స్‌లో పుట్టుకని ఒక్క లైన్ దాటనివ్వొద్దు, ఆ పేజీల్లో పడితే సాయంత్రం అయిపోతుంది. ఇంగ్లిష్‌లో బ్యాండికూట్ మన పందికొక్కు నుంచే వెళ్లిందని తెలుసుకోవడం సరదాగానే ఉంటుంది గానీ దానికి మార్కులు ఎవరిస్తారు!