చైర్మన్ గారి వేలికి ఇరుక్కున్న మా ఉంగరం

నిన్న ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ అనుమతి లెటర్ చేతికొచ్చింది. హైదరాబాద్‌లో ఆరోగ్యాన్ని గమనించే స్మార్ట్ రింగ్ తయారుచేస్తున్న చిన్న టీమ్ మాది. ఉంగరం ఆకారం, మందం, లోపలి వంపు చూసుకోవడం నా పని. ఇలాంటి పరికరాన్ని ఆసుపత్రిలో పరీక్షించాలనుకునేవాళ్ళకి ఉపయోగపడుతుందని, ఒళ్ళుమంట తగ్గకముందే రాసేస్తున్నా.

ముందు తేలిగ్గా అయిపోయినవి. బ్లూటూత్‌కి కావలసిన ఈటీఏ (వైర్‌లెస్ పరికరాలకి టెలికాం శాఖ ఇచ్చే ఆమోదం), ల్యాబ్ రిపోర్టు ఉంటే ఆ శాఖ సరళ్ సంచార్ పోర్టల్‌లో సెల్ఫ్ డిక్లరేషన్ మీద వచ్చేస్తుంది. చర్మానికి తగిలే రెసిన్‌ని ఐఎస్ఓ 10993 పరీక్షలకి (ఒంటికి తగిలితే హాని చేస్తుందా అని చూసేవి) పంపాం. డబ్బు బాగా వదిలింది, గొడవైతే లేదు.

డిజైన్ గురించి మాత్రం కాస్త గొప్ప చెప్పుకుంటా. ఈ రింగులు ఆకుపచ్చ, ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ కాంతిని వేలిలోకి పంపి, తిరిగొచ్చే వెలుతురులో హెచ్చుతగ్గుల్ని బట్టి నాడి లెక్కపెడతాయి. అరచేతి వైపు చర్మంలో మెలనిన్ తక్కువ, ధమనులూ దగ్గర. అందుకని సెన్సర్లు అటువైపు ఉంటాయి. బండి హ్యాండిల్ పట్టుకునేదీ, బకెట్ ఎత్తేదీ కూడా అటువైపే. సెన్సర్ బొడిపె ఎత్తుగా ఉంటే గుచ్చుకుంటుంది, బాగా తగ్గిస్తే సందులోంచి బయటి వెలుతురు దూరి రీడింగ్ పాడవుతుంది. పోనీ బిగుతుగా పెడదామంటే రక్తం ఒత్తుకుపోయి అసలు సిగ్నలే పడిపోతుంది. స్మార్ట్ రింగులకి పేరున్న ఔరా కంపెనీ వాళ్ళు కూడా 2024లో వచ్చిన రింగ్ 4తో గానీ బొడిపెల్ని లోపలికి దించలేదు.

మనకి ఇంకో తంటా. చేత్తో కలుపుకుని తింటాం. ఆవకాయ నూనె సెన్సర్ పక్కన చేరుతుంది, పసుపు రెసిన్‌కి పడుతుంది. ఎడమ చేతికి పెట్టుకోమంటే సబ్బునీళ్ళు కింద నిలిచి చర్మం పాడవుతుంది. పెద్దవాళ్ళకైతే వేళ్ళే ఖాళీ ఉండవు. ఉంగరం వేలికి పగడం, మధ్య వేలికి నీలం, చూపుడు వేలికి పుష్యరాగం. తియ్యమని అడిగి చూడండి! మేం లక్షలు పోసి పెట్టుకున్న కన్సల్టెంట్ ప్రెజెంటేషన్‌లో వీటిలో ఒక్కటీ లేదు. వెడల్పు పట్టీకి అర సైజు పెంచాలని, లోపలి అంచులు గుండ్రంగా తియ్యాలని చెప్పింది సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో ఒక కంసాలి. ఆయన డబ్బులేమీ తీసుకోలేదు. ఆ లోపలి వంపు నేను గీసిన తర్వాత మా వాళ్ళెవరూ రాత్రి ఉంగరం తీసి పడుకోలేదు.

ఇక కమిటీ. రాత్రిపూట రింగ్ రీడింగులని ఆసుపత్రి మానిటర్ రీడింగులతో పోల్చి చూడాలి. అది మనుషుల మీద అధ్యయనం కాబట్టి ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. అందులో డాక్టర్లతో పాటు లాయరూ, మామూలు పౌరుల తరఫున ఒకరూ ఉంటారు. చైర్మన్ ఆ ఆసుపత్రికి సంబంధం లేని మనిషై ఉండాలి. సమాచార పత్రం తెలుగులో ఇవ్వాలి. మేం ఇచ్చిన దాంట్లో "హృదయ స్పందన వైవిధ్యత" (గుండె దెబ్బకీ దెబ్బకీ మధ్య సమయంలో వచ్చే తేడా) అని ఉంటే, ఇది ఎవరికి అర్థమవుతుందని తిప్పి పంపారు. ఆ మాట న్యాయమే.

సభ రోజు ఉదయం పిలిచి, భోజనాలయ్యాక గానీ లోపలికి రానివ్వలేదు. నేను స్లైడ్లు మొదలుపెట్టానో లేదో, చైర్మన్ గారు ట్రేలోంచి ఒక రింగ్ తీశారు. "సార్, ముందు కొలత చూద్దాం" అన్నాను. "నాకు తెలుసమ్మా" అని కణుపు దాటించి తోసేశారు. నేను బొడిపె ఎత్తు గురించి చెబుతున్నంతసేపూ ఆయన బల్ల కింద దాన్ని లాగుతూనే ఉన్నారు. కాసేపటికి చెయ్యి బల్ల మీదకొచ్చింది. వేలు ఎర్రబడింది.

ఇక స్లైడ్లు ఎవరు చూస్తారు? అటెండరు హ్యాండ్‌వాష్ తెచ్చాడు. ఒకాయన కొబ్బరి నూనె అన్నారు, ఇంకొకాయన ఐస్ అన్నారు. లాయరు గారు సెల్‌ఫోన్ తీశారు, ఫొటో కోసమేనని నా అనుమానం. నా కొలీగ్ నవ్వాపుకోలేక బయటికెళ్ళిపోయాడు. వాడితో ఇంకా మాట్లాడటం లేదు.

అప్పుడు పౌరుల తరఫున వచ్చిన రిటైర్డ్ టీచరు గారు నింపాదిగా అడిగారు. "రాకపోతే ఏం చేస్తారమ్మా?"

"కోస్తారండీ."

"ఎక్కడ కోస్తారు?"

రింగ్ చుట్టూ సగానికి పైగా వంపు తిరిగిన లిథియం బ్యాటరీయే ఉంటుంది. దాని మీద కట్టర్ పడితే షార్ట్ అయి వేలి మీదే కాలుతుంది. బ్యాటరీ లేని చోటు నేను డ్రాయింగ్‌లో కళ్ళు మూసుకుని చూపించగలను. కానీ బయట అంతా ఒకే నునుపు. గుర్తు ఉంటే అందం పోతుందని వద్దన్నది మా ఇన్వెస్టరు. ఆ మాట అక్కడ చెప్పలేను కదా. అందరూ నావైపు చూస్తున్నారు, చైర్మన్ గారు మరీనూ.

చివరికి క్యాజువాలిటీ నుంచి ఒక సిస్టర్‌ని పిలిచారు. ఆవిడ ఎవరినీ ఏమీ అడగలేదు. కుట్లు వేసే సిల్కు దారం ఒక కొస రింగ్ కిందనుంచి దూర్చి, మిగతాది రింగ్ దగ్గర్నుంచి కణుపు దాటేదాకా వరసలు ఒత్తుగా చుట్టారు. తర్వాత కింది కొస పట్టుకుని విప్పుతుంటే రింగ్ దానంతటదే జరుగుతూ బయటికొచ్చింది. పోతూ పోతూ "ఇవి మాకు పెడతారటగా? డ్యూటీలో మమ్మల్ని ఉంగరాలే పెట్టుకోనివ్వరు" అన్నారు. నర్సుల మీద చేద్దామని ప్లాన్ ఇచ్చింది ఆ ఆసుపత్రి డాక్టరు గారే. ఆయన అప్పుడు ఫైల్లో ఏదో వెతుక్కుంటున్నారు.

మీరు వెళ్ళేటప్పుడు డమ్మీ రింగులు తీసుకెళ్ళండి, అసలువి బ్యాగులోంచి తియ్యకండి. ప్లాస్టిక్ కొలత రింగుని ఒక పగలూ ఒక రాత్రీ పెట్టించండి. ఎండకీ ఉప్పుకీ వేలు ఉబ్బుతుంది, ఏసీలో సన్నబడుతుంది. ఏసీ గదిలో తీసుకున్న కొలతని నమ్మకండి. ఇన్వెస్టర్లు అందం గురించి మాట్లాడితే దారం రీలు బల్ల మీద పెట్టండి.

లెటర్‌లో షరతులు వేశారు. కోయాల్సిన చోట బయటికి కనిపించే గీత ఉండాలి, వార్డులో దారం సిద్ధంగా ఉండాలి, పాల్గొనేవాళ్ళు డ్యూటీలో లేని వాళ్ళై ఉండాలి. గీత నేను వేసేశాను, ఇన్వెస్టరుకి ఇంకా చెప్పలేదు. మినిట్స్‌లో మాత్రం "పరికరాన్ని సభ్యులు స్వయంగా ధరించి పరిశీలించారు" అని రాశారు. కింద సంతకం చైర్మన్ గారిదే.