జర్మనీ ప్రయాణం, పిల్లల డాక్టర్ దగ్గర సూది

వీసా పడిన పాస్‌పోర్ట్ నిన్న కొరియర్‌లో వచ్చింది. కోపం చల్లారకముందే ఇది రాసేస్తున్నాను. చల్లారాక రాస్తే అందరూ మంచివాళ్ళే అయిపోతారు.

నేను వెళ్తున్నది ఉద్యోగానికీ కాదు, ఎమ్మెస్‌కీ కాదు. జర్మనీలో బుండెస్‌ఫ్రైవిల్లిగెన్‌డీన్‌స్ట్ అని ప్రభుత్వం నడిపే స్వచ్ఛంద సేవా పథకం ఉంది. ఒకప్పుడు అక్కడ సైన్యంలో చేరం అన్న కుర్రాళ్ళు దానికి బదులు ఆస్పత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో పనిచేసేవాళ్ళు. తప్పనిసరి సైనిక సేవ ఆపేశాక ఆ చేతుల లోటు తీర్చడానికి 2011 జూలైలో ఈ పథకం మొదలైంది. మనలాంటి విదేశీయులూ చేరవచ్చు. మామూలుగా ఏడాది. జీతం ఉండదు, పాకెట్ మనీ, ఇన్సూరెన్స్ ఇస్తారు. నాకు గది, భోజనం కూడా వాళ్ళే చూస్తారు. ఏడాదిలో 25 రోజులు సెమినార్లకి కూర్చోవాలి. నాకు దొరికింది ఒక వృద్ధాశ్రమం. ఆ ఆవరణలోనే దివ్యాంగులైన పిల్లల డే కేర్ కూడా ఉంది.

జర్మన్ భాషలో బి1 అనే మధ్య స్థాయి పరీక్ష హైదరాబాద్ వెళ్ళి రాశాను, పాసయ్యాను. వీడియో ఇంటర్వ్యూలో అనుభవం ఏముందని అడిగారు. పక్షవాతంతో మంచాన పడ్డ మా అమ్మమ్మని ఆఖరిదాకా చూసుకున్నది నేనే. రెండు గంటలకోసారి పక్కకి తిప్పి పడుకోబెట్టేదాన్ని. ఒంటి మీద ఒక్క పుండు పడనివ్వలేదు. అదే చెప్పాను. వాళ్ళకి అంతకంటే సర్టిఫికెట్ అక్కర్లేకపోయింది. పోలీస్ క్లియరెన్స్‌కి 500 రూపాయలు కట్టి విజయవాడ పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి వెళ్ళొచ్చాను. కానిస్టేబుల్ గారు ఇంటికొచ్చి, టీ తాగి, "ముసలోళ్ళు మన గుంటూరులో లేరామ్మా?" అని అడిగి వెళ్ళారు. ఉన్నారండీ, చూసేవాళ్ళకి ఏడాది పాటు తిండీ గదీ ఇచ్చే పథకమే లేదు.

ఏజెంట్ల గురించి ఒక మాట. విజయవాడలో ఒకాయన నా డిగ్రీకీ, బర్త్ సర్టిఫికెట్‌కీ అపోస్టిల్, అంటే మన కాగితం విదేశాల్లో చెల్లడానికి మన ప్రభుత్వం వేసే ముద్ర, వేయిస్తానని వేలల్లో అడిగాడు. మన దేశం అపోస్టిల్ ఒప్పందంలో 2005 నుంచి ఉన్న మాట నిజమే. కానీ మన చేరికకి జర్మనీ అభ్యంతరం చెప్పింది కాబట్టి మన అపోస్టిల్ అక్కడ చెల్లదు. ఆయనకి ఈ సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది, అదీ ఆయన ఆఫీసులో, ఆయన కుర్చీ ముందు కూర్చుని. ఇంకొకావిడ ఇదంతా ఎందుకమ్మా, డబ్బు కట్టు, నేపాల్‌లో అనాథాశ్రమంలో రెండు వారాలు సేవ, ఫొటోలు, సర్టిఫికెట్ అంది. పోలీస్ సర్టిఫికెట్ కావాలా అని అడిగితే "అబ్బే, అవేమీ అక్కర్లేదు" అని గొప్పగా చెప్పింది. అమ్మానాన్న ఉన్న పిల్లల్ని కూడా తెచ్చి, అనాథలని చూపించి విదేశీయుల దగ్గర విరాళాలు లాగిన ఆశ్రమాలు నేపాల్‌లో బయటపడ్డాయి. ముక్కూ మొహం తెలియని మనిషిని పసిపిల్లల గదిలోకి పంపిస్తూ ఒక్క కాగితం అడగని చోటుకి దయచేసి వెళ్ళకండి. జర్మనీ వాళ్ళు నన్ను పీడించింది కాగితాల కోసమే. అయినా ఆ పీడన నాకు నచ్చింది, ఒక్క కాగితం తప్ప.

ఆ కాగితం తట్టు టీకాది. మన ఇళ్ళలో పొంగు అంటామే, అదే. 2020 మార్చి 1 నుంచి అక్కడ చట్టం వచ్చింది. 1970 తర్వాత పుట్టినవాళ్ళు పిల్లల కేంద్రాల్లోగానీ ఆస్పత్రుల్లోగానీ పనిచేయాలంటే తట్టు రాకుండా రక్షణ ఉందని రుజువు చూపించాలి. రెండు డోసులైనా వేయించుకుని ఉండాలి, రక్తంలో యాంటీబాడీలైనా ఉండాలి. నా చిన్ననాటి టీకా కార్డు ఇళ్ళు మారడంలో ఎక్కడో పోయింది. ఉన్నా లాభం లేదు. నేను పుట్టినప్పుడు మన దగ్గర ప్రభుత్వం వేసింది తొమ్మిదో నెలలో ఒక్క డోసే. రెండో డోసు 2010 నుంచి మొదలైంది. 2017లో బళ్ళలో తట్టుకీ రుబెల్లాకీ కలిపి వేసిన ఎంఆర్ టీకా పదిహేనేళ్ళ లోపు వాళ్ళకి. నేను అప్పటికే కాలేజీ.

సరే, మా గుంటూరు కొత్తపేటలో ఒక ల్యాబ్‌లో రక్తం ఇచ్చాను. రిపోర్టు ఏమొచ్చిందంటే యాంటీబాడీలు ఉన్నాయనీ కాదు, లేవనీ కాదు, అటూ ఇటూ కాకుండా మధ్యలో. ల్యాబ్ అబ్బాయిని అడిగితే డాక్టర్ని అడగమన్నాడు. డాక్టర్ రెండు డోసులూ వేయించేసుకో అన్నారు. మరి వేయండి అంటే, పెద్దవాళ్ళ సూదులు తప్ప ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే టీకా) తన దగ్గర ఉండదని, పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళమన్నారు.

సాయంత్రం ఏడింటికి పిల్లల క్లినిక్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఏడుపులు, సీసాలు, ఎవరి చంకలో చూసినా ఒకరు. రిసెప్షన్‌లో "పాప ఏదండీ?" అంది. నాకే అన్నాను. ఆ అమ్మాయి నా వెనక్కి తొంగి చూసి మళ్ళీ "పాప ఏది?" అంది. ఫైలు తెరిచింది. పసిపిల్లల బరువు చూసే పళ్ళెం పక్కనున్న మెషీన్ ఎక్కించి నా బరువు రాసింది. తర్వాత నర్సమ్మ వచ్చింది. నాకూ ఆమెకీ మధ్య నాలుగు వరుసల కుర్చీలు. అక్కడి నుంచే "ఎంఎంఆర్ ఎవరమ్మా? పెళ్ళయిందా?" అంది. లేదన్నాను. "ప్రెగ్నెన్సీ ఏమన్నా ఉందా? డేట్ ఎప్పుడొచ్చింది?" హాలంతా ఒక్క క్షణం పిల్లల ఏడుపు కూడా ఆగిందనిపించింది. మూడో వరుసలో మా వీధి ఆంటీ, ఒళ్ళో మనవడు. ఆవిడ నన్ను చూడనట్టు చాలా శ్రద్ధగా చూసింది.

లోపల డాక్టరుగారు మర్యాదగానే చెప్పారు. ఇది బతికున్న వైరస్‌ని బలహీనపరిచి తయారుచేసిన టీకా, గర్భిణులకి వేయకూడదు, వేసుకున్నాక నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి, అందుకే ఆడవాళ్ళందరినీ అడుగుతాం అన్నారు. అడగాల్సిందే. నాలుగు వరుసల అవతలి నుంచి అడగాలని ఏ పుస్తకంలో ఉంది?

నేను ఇంటికి చేరేలోపే అమ్మకి ఫోన్. "అమ్మాయి పిల్లల డాక్టర్ దగ్గర కనిపించింది, ఏంటి వదినా విషయం?" అమ్మ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. నాన్న టీవీ సౌండ్ పెంచుకున్నారు.

అవమానం అక్కడితో అయిపోలేదు. ఇచ్చిన కార్డు మీద జిరాఫీ, ఏనుగు బొమ్మలు, పైన "బేబీ ఆఫ్" అని మా అమ్మ పేరు, వయసు 25 సంవత్సరాలు. స్కాన్ చేసి పంపితే జర్మనీ నుంచి ఎంతో వినయంగా మెయిల్ వచ్చింది: ఈ శిశువుకీ మీకూ సంబంధం ఏమిటి? పేరు మార్చమంటే రిసెప్షన్‌లో "సిస్టమ్ తీసుకోదండీ" అని ఒకటే పాట. చివరికి డాక్టరుగారే లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో రాసిచ్చారు.

నాలుగు వారాలు ఆగాక రెండో డోసు. ఈసారి అమ్మ తనూ వస్తానంది. హాలు మధ్యలో కూర్చుని, ఎవరూ అడక్కుండానే, "మా అమ్మాయి జర్మనీ వెళ్తోందండీ, అక్కడ పొంగు సూది లేందే పిల్లల్ని ముట్టుకోనివ్వరు" అని గట్టిగా మొదలుపెట్టింది. నర్సమ్మ ఆ రోజు నా దగ్గరికి వచ్చి, చెవిలో అడిగింది.

ఆ తర్వాత హైదరాబాద్‌లో వీసా అప్పాయింట్‌మెంట్ గంటలో ముగిసింది.

మీలో ఎవరైనా వెళ్ళేవాళ్ళుంటే జర్మన్ క్లాసులో చేరిన నెలలోనే ఈ టీకా సంగతి చూసుకోండి. డోసుల మధ్య కనీసం నాలుగు వారాలుండాలి, ఎవర్ని బతిమాలినా అది తగ్గదు. కాగితం మీద మీ పూర్తి పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ నంబరు, టీకా పేరు, బ్యాచ్ నంబరు, వేసిన తేదీ, డాక్టర్ సంతకం, ముద్ర ఉండాలి. సీసా మీది స్టిక్కర్ అతికించమనండి. పిల్లల క్లినిక్‌కి సాయంత్రం వెళ్ళకండి, పొద్దున తలుపు తీసే వేళకి వెళ్ళండి. నర్సు గట్టిగా అడిగితే మీరూ అంతే గట్టిగా చెప్పండి.