అరుంధతి కనపడాలంటే ముందు కళ్లకు చీకటి అలవాటవ్వాలి

విదేశాల్లో పెరిగే మన పిల్లలకు రోహిణి అంటే ఎవరో పిన్ని పేరు, స్వాతి అంటే అక్క స్నేహితురాలి పేరు. ఆల్డెబరాన్, ఆర్క్‌ట్యూరస్ అంటే మాత్రం ఆకాశంలో చుక్కలు. అవీ ఇవీ ఒకటేనని పుస్తకంలో చూపిస్తే తలూపి వదిలేస్తారు. పెరట్లో నిలబెట్టి వేలు పెట్టి చూపిస్తే ఇక మరచిపోరు. తెలుగు మాటను కంటికి ఎదురుగా ఉన్న వస్తువుకు అంటించి నేర్పడానికి రాత్రి ఆకాశమంత అనువైన చోటు పరాయి దేశంలో మరొకటి దొరకదు. అయితే చూపించడానికి పద్ధతి కావాలి. ఏ ఏర్పాటూ లేకుండా తీసుకెళ్తే పది నిమిషాల్లో ‘ఏమీ కనపట్లేదు, చలేస్తోంది’ అంటారు. రెండోసారి రమ్మంటే రారు.

ముందు కళ్ల సంగతి. వెలుతురులోంచి చీకట్లోకి రాగానే కంటిపాప కొద్దిసేపట్లోనే పెద్దదవుతుంది. కానీ అసలు మార్పు జరగాల్సింది లోపల, రెటీనాలో. మసక వెలుగును పట్టుకునే రాడ్ కణాల్లో రోడాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. వెలుతురు తగిలితే అది విరిగిపోతుంది, చీకట్లో నెమ్మదిగా మళ్లీ తయారవుతుంది. అందుకు 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఎవరైనా ఒక్కసారి ఫోన్ తెర వెలిగించారా, కథ మళ్లీ మొదటికి. కాబట్టి పెద్దవాళ్ల ఫోన్లు కూడా జేబులోనే ఉండాలి. దారి చూసుకోవడానికి టార్చి ముందు ఎర్ర సెల్లోఫేన్ కాగితం మూడు నాలుగు మడతలు పెట్టి రబ్బరు బ్యాండు వేయండి. రాడ్ కణాలను ఎరుపు పెద్దగా కదిలించదు. గోడ మీద వేసి చూసినప్పుడు వెలుగు ముదురు ఎరుపుగా, మసగ్గా ఉండాలి. గులాబీ రంగులో ఉంటే మరో మడత కావాలి.

ఆ అరగంటా పిల్లల్ని ఊరికే కూర్చోబెట్టకండి. చంద్రుడో, శుక్రుడో, గురుడో ఉంటే వాటితో మొదలుపెట్టండి. వాటికి చీకటి అలవాటు అక్కర్లేదు. వెనక్కి వాలే కుర్చీ తప్పనిసరి, ఎందుకంటే మెడ ఎత్తి ఐదు నిమిషాలకు మించి ఏ పిల్లా నిలబడదు. చలి దేశమైతే కదలకుండా కూర్చుంటారు కాబట్టి నడిచేటప్పుడు వేసేదానికంటే ఒక పొర ఎక్కువే వేయాలి.

వేళ విషయంలో తెలుగునాటి అలవాటు అక్కడ పనికిరాదు. మన దగ్గర పొద్దుగూకాక గంటంబావుకల్లా పూర్తి చీకటి పడుతుంది. 50 డిగ్రీల అక్షాంశం దగ్గర దానికి దాదాపు రెండు గంటలు పడుతుంది. 48.5 డిగ్రీలు దాటిన ఊళ్లలో జూన్ చివర రాత్రంతా మసక వెలుగు పోనే పోదు. అలాంటి చోట వేసవి సెలవుల్లో నక్షత్రాల కోసం పిల్లల్ని మేలుకోబెట్టడం వృథా. డిసెంబరులో సాయంత్రం ఆరింటికే చిమ్మచీకటి, నిద్రవేళకు ముందే పని పూర్తవుతుంది. చలికి జడిసి ఆ నెలల్ని వదులుకోవద్దు.

ఇప్పుడు సప్తర్షులు. గరిట ఆకారంలో ఏడు చుక్కలు. గిన్నె అంచు నుంచి వరసగా క్రతువు, పులహుడు, పులస్త్యుడు, అత్రి, తర్వాత పిడిలో అంగీరసుడు, వశిష్ఠుడు, మరీచి. పులహుడి నుంచి క్రతువు మీదుగా గీత గీసి, వాళ్లిద్దరి మధ్య దూరానికి ఐదింతలు ముందుకు వెళ్తే ధ్రువుడు. ధ్రువుడంటే ఆకాశంలోకెల్లా పెద్ద చుక్క అనే అపోహ చాలామందిలో ఉంది. వెలుగులో ఆయనది యాభయ్యో స్థానానికి అటూఇటూ. పిల్లలు మెరిసే చుక్క కోసం వెతికి తప్పిపోతారు కాబట్టి ‘మామూలు చుక్కే, కానీ చుట్టూ ఖాళీ’ అని ముందే చెప్పాలి.

పిడి చివరి నుంచి రెండోవాడు వశిష్ఠుడు. ఆయన్ని ఆనుకున్నట్టుండే చిన్న చుక్క అరుంధతి. ఇద్దరి మధ్య ఎడం 12 ఆర్క్ నిమిషాలు (డిగ్రీలో 60వ వంతు ఒక ఆర్క్ నిమిషం), అంటే నిండు చందమామ వెడల్పులో మూడో వంతుకు కాస్త ఎక్కువ. మంచి చూపున్న కన్ను ఒక ఆర్క్ నిమిషం ఎడాన్ని కూడా విడదీయగలదు కాబట్టి ఎడం ఇబ్బంది కాదు. ఇబ్బంది వెలుగుది. అరుంధతి వశిష్ఠుడి కంటే ఐదారు రెట్లు మసక. నగరపు వెలుతురులో ఆమే ముందు మాయమవుతుంది. అప్పుడు చిన్న కిటుకు ఉంది. చుక్క వైపు సూటిగా కాకుండా కొంచెం పక్కకు చూడమనండి. చూపు నడిబొడ్డున రాడ్ కణాలు లేవు, పక్కల దట్టంగా ఉంటాయి. సూటిగా చూస్తే లేని చుక్క ఓరచూపులో తేలుతుంది. పిల్లలకు ఇది మంత్రంలా ఉంటుంది, పదేపదే చేసి చూస్తారు. మంచి చీకట్లో కూడా ఒక బిడ్డకు మాత్రమే అరుంధతి విడిగా కనపడకపోతే కంటి డాక్టరుకు చూపించండి. కొద్దిపాటి హ్రస్వదృష్టి పగటిపూట తెలియకపోవచ్చు, చుక్క మాత్రం పరుచుకుపోయి పట్టిచ్చేస్తుంది.

ధ్రువుడు ఎంత ఎత్తులో ఉంటే ఆ ఊరి అక్షాంశం సుమారుగా అంత. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే అడ్డంగా 10 డిగ్రీలు, నడిమి మూడు వేళ్లు 5, చిటికెన వేలు 1. పిల్లల పిడికిలి చిన్నదైనా చెయ్యి కూడా పొట్టిదే కనుక లెక్క దాదాపు సరిపోతుంది. తెలుగు నేల మీద ధ్రువుడు పిడికిలింబావు నుంచి రెండు పిడికిళ్ల లోపే ఉంటాడు. 40 డిగ్రీల దగ్గర నాలుగు పిడికిళ్లు. సెలవులకు వెళ్లినప్పుడు ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి పిల్లల చేతనే కొలిపించి ఒకే కాగితం మీద రాయించండి. భూమి గుండ్రంగా ఉందన్న మాట వాళ్ల పిడికిట్లోకి వస్తుంది. దక్షిణార్ధగోళంలో ఉన్నవాళ్లకు ధ్రువుడు అసలే కనపడడు, మృగశిర ఉండే ఒరాయన్ మండలం తలకిందులుగా ఉంటుంది. బదులుగా అగస్త్యుడు, అంటే కనోపస్, చాలా పైకి వస్తాడు. మన దగ్గర ఆయన దక్షిణాన రెండున్నర పిడికిళ్ల ఎత్తు దాటడు. 40 డిగ్రీల ఉత్తరానికి వెళ్తే ఎప్పటికీ ఉదయించడు. సెలవుల్లో ఫిబ్రవరి సాయంత్రం తెలుగునాట ఉంటే ఆయన్ని చూపించకుండా తిరిగి రావద్దు.

పేర్ల దగ్గర పిల్లలు సాధారణంగా ‘అసలు పేరు ఏది?’ అని అడుగుతారు. వాళ్ల మనసులో బడిలో చెప్పింది అసలుది, ఇంట్లో చెప్పింది ముద్దుపేరు. ఇది దిద్దాల్సిన చోటు. ఆల్డెబరాన్, రైగెల్, వేగా, ఆల్టెయిర్ ఇంగ్లీషు మాటలు కావు, అరబ్బీ నుంచి వచ్చినవి. ఆల్డెబరాన్ అంటే వెంట నడిచేది. దేని వెంట? కృత్తికల వెంట. తెలుగు పల్లెల్లో ఆ కృత్తికల గుంపు పిల్లలకోడి. ముందు కోడీ పిల్లలూ, వెనక రోహిణి. ఈ ఒక్క వరస చూపిస్తే మూడు నాగరికతల చూపు ఒకేసారి అర్థమవుతుంది, ఏ పేరూ ఇంకో పేరుకు అనువాదం కాదని కూడా తెలుస్తుంది.

రాశుల గొడవ కూడా ముందే తేల్చాలి. స్నేహితుల దగ్గర ‘నేను లియో’ అంటారు, ఇంటికొస్తే మీరు మిథునం అంటారు. ఒకటి తప్పనుకుంటారు. అక్కడివాళ్లు చెప్పేది పుట్టినప్పుడు సూర్యుడున్న భాగం, మనది చంద్రుడున్న భాగం. పైగా వాళ్ల లెక్క వసంత విషువత్తు నుంచి, అంటే మార్చిలో పగలూ రాత్రీ సమానమైనప్పుడు సూర్యుడుండే చోటు నుంచి మొదలవుతుంది, మనది నక్షత్రాల నుంచి. భూమి అక్షం బొంగరంలా 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున జరుగుతున్నందున ఈ రెంటికీ ఇప్పుడు 24 డిగ్రీల తేడా వచ్చింది. పిల్లల జన్మనక్షత్రం చూసేటప్పుడు జరిగే పొరపాటు మరొకటి: అక్కడి గడియారం సమయాన్ని భారత కాలమానంలోకి మార్చకుండా మన పంచాంగంలో వెతకడం. చంద్రుడు రోజుకు దాదాపు ఒక నక్షత్రం దాటతాడు. పదిగంటల తేడా వస్తే నక్షత్రమే మారిపోవచ్చు.

వెలుగు విషయానికి వస్తే, పిల్లలకు బాగా పట్టేది వయసుతో కట్టిన లెక్క. వెలుగు సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పరుగెడుతుంది. చంద్రుడి నుంచి 1.3 సెకన్లు, సూర్యుడి నుంచి 8 నిమిషాల 20 సెకన్లు. మృగవ్యాధుడు, అంటే సిరియస్, 8.6 కాంతి సంవత్సరాల దూరం. తొమ్మిదేళ్లు రాబోతున్న బిడ్డ కంట్లో పడే ఆ వెలుగు తను పుట్టిన రోజుల్లో అక్కడ బయల్దేరింది. 17 ఏళ్ల వాళ్లకు శ్రవణం (ఆల్టెయిర్), 25 ఏళ్ల వాళ్లకు అభిజిత్తు (వేగా), 37కి స్వాతి, 43కి బ్రహ్మహృదయం (కాపెల్లా). మీరు దేశం దాటి ఎన్నేళ్లయిందో ఆ చుక్కను కూడా వెతకండి. రోహిణికి 65 ఏళ్లు, అది తాతయ్యలకూ అమ్మమ్మలకూ. కృత్తికల వెలుగు సుమారు 440 ఏళ్ల కిందటిది.

ఇక్కడే చాలామంది ‘ఇవన్నీ ఎప్పుడో చచ్చిపోయిన నక్షత్రాలు’ అని చెప్పేస్తుంటారు. దయచేసి చెప్పకండి, అది తప్పు. మామూలు కంటికి కనపడే చుక్కలు దాదాపు అన్నీ కొన్ని వేల కాంతి సంవత్సరాల లోపువే. వాటి ఆయుష్షు లక్షల, కోట్ల ఏళ్లలో ఉంటుంది. మనకు కనపడుతున్నవి ఇంచుమించు అన్నీ ఇప్పటికీ అక్కడే వెలుగుతున్నాయి.

రంగుల్లో ఇంకో చిక్కు. ఎర్ర చుక్క వేడి, నీలి చుక్క చల్లన అంటారు పిల్లలు. కుళాయి మీద గుర్తులు అలాగే ఉంటాయి మరి. కాల్చిన ఇనుము ఉదాహరణ చెప్పండి: ముందు ఎర్రబడుతుంది, ఇంకా కాలితే పసుపు, ఆ పైన తెలుపు. ఎర్రటి ఆర్ద్ర (బీటెల్‌జూస్) పైపొర వేడి సుమారు 3,500 కెల్విన్లు, మన సూర్యుడు 5,800, నీలి తెలుపు రైగెల్ 12,000. సిరియస్ దిగంతానికి దగ్గరగా ఉన్నప్పుడు బైనాక్యులర్‌తో చూస్తూ దాన్ని చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పమనండి. చుక్క గీతగా సాగి ఆకుపచ్చ, ఎరుపు, నీలం ముక్కలుగా విడిపోతుంది. ఆ రంగులు నక్షత్రం మార్చుకుంటున్నవి కావు. మన గాలి పొరలు దాని వెలుగును క్షణక్షణం వంచి రంగులుగా చీలుస్తున్నాయి. మబ్బు లేని రాత్రి పిల్లల చేత ఇదొక్కటి చేయించినా చాలు. టెలిస్కోపు తొందరేం లేదు. 7×35 లేదా 8×40 బైనాక్యులర్ సరిపోతుంది. కొనేముందు రెండు కళ్ల గొట్టాలూ బిడ్డ కళ్ల ఎడానికి తగ్గట్టు దగ్గరికి వస్తాయో లేదో చూడండి. చాలావాటిలో 56 మిల్లీమీటర్ల కంటే తగ్గవు, చిన్నపిల్లలకు అది ఎక్కువ.

మబ్బు పట్టిన రోజు ఇంట్లో వర్ణపటదర్శిని, అంటే వెలుగును రంగులుగా విడదీసి చూపే పరికరం, చేయొచ్చు. 25 సెంటీమీటర్ల అట్టపెట్టె ఒక చివర అర మిల్లీమీటరు కంటే సన్నగా అడ్డంగా చీలిక. రెండో చివర పాత డీవీడీని 60 డిగ్రీల వాలుగా దూర్చాలి, దాని పైన చూడటానికి రంధ్రం. రంగులు పులుముకుపోతే చీలిక వెడల్పయింది. మసగ్గా వస్తే చీలిక డీవీడీ గాళ్లకు సమాంతరంగా లేదు. ఎల్‌ఈడీ బల్బులో నీలం విడిగా, ఆ పక్కన సన్నని చీకటి, తర్వాత ఆకుపచ్చ నుంచి ఎరుపు కనపడతాయి. నీలాకాశం వైపు పెడితే, చీలిక బాగా సన్నగా ఉంటే, కొన్ని నల్లగీతలూ కనపడతాయి. 1814లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాన్‌హోఫర్ ఐదువందలకు పైగా గుర్తించినవి అవే. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ పెట్టనివ్వకండి.

ఇలాంటి పరికరంతోనే 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వేళ ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో, మద్రాసు వేధశాల ఖగోళ శాస్త్రవేత్త పాగ్సన్ మచిలీపట్నంలో సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగును విడదీసి చూశారు. అందులోని పసుపు గీత సోడియందనుకున్నారు చాలామంది. ఆ అక్టోబరులో ఇంగ్లండులో ఖగోళ శాస్త్రవేత్త లాకియర్ అది సోడియం గీత కాదని తేల్చాడు. అదే హీలియం. భూమి మీద అది రసాయన శాస్త్రవేత్త రామ్సే చేతికి చిక్కింది 1895లో. బడిలో ఆవర్తన పట్టిక వచ్చినప్పుడు రెండో గడి దగ్గర గుంటూరు పేరు చెప్పడం మరవకండి.

చివరగా, ఊళ్లో ఉన్న పెద్దవాళ్లను ఇందులో కలుపుకునే పని ఒకటి. శుద్ధ చవితి నుంచి దశమి మధ్య, వెన్నెల మరీ ఎక్కువ కాకముందు, ‘అమ్మమ్మా, ఇవ్వాళ సాయంత్రం చంద్రుడు ఏ చుక్కకు ఎంత దూరంలో ఉన్నాడో వేళ్లతో కొలిచి చెబుతారా?’ అని బిడ్డ చేత అడిగించండి. రోహిణి, మఖ (రెగ్యులస్), చిత్త (స్పైకా), జ్యేష్ఠ (యాంటారెస్), వీటిలో ఏదో ఒకదాని దగ్గరికి చంద్రుడు వచ్చే రోజైతే మేలు. మీ ఊరు భారత్ కంటే పది గంటలు వెనక ఉంటే, అక్కడ సాయంత్రం అయ్యాక బిడ్డ అదే చుక్క నుంచి కొలవాలి. చంద్రుడు గంటకు అర డిగ్రీకి కాస్త ఎక్కువ చొప్పున తూర్పుకు జరుగుతాడు కాబట్టి రెండు కొలతల మధ్య (ఈలోగా చంద్రుడు చుక్కను దాటిపోతే రెండూ కలిపి) 5, 6 డిగ్రీలు, అంటే మూడు వేళ్ల తేడా రావాలి. చంద్రుడు మనకు దగ్గరగా ఉన్నందున ఊరు మారితే ఒక డిగ్రీ దాకా అటూఇటూ అవుతుంది, దానికి కంగారు పడొద్దు. చంద్రుడు చుక్కకు అదే వైపున ఉండి తేడా సున్నా వచ్చిందంటే మాత్రం ఇద్దరిలో ఒకరు వేరే చుక్క పట్టుకున్నారు. చుక్క రంగు అడిగి చూడండి: రోహిణి నారింజ, చిత్త నీలి తెలుపు.