పుస్తకాల పట్టిక ప్రోగ్రాం: హెచ్చరికలను తిరగరాస్తున్న మూడో వారం

ఇంట్లోని పుస్తకాల వివరాలు దాచుకోవడానికి బ్రౌజర్‌లో నడిచే చిన్న ప్రోగ్రాం రాసుకుంటున్నాను. మొన్నటిదాకా ఏ పొరపాటు జరిగినా అందులో కనిపించే మాట ఒక్కటే: "చెల్లని ఇన్‌పుట్". మా అక్క ఒక పాత నవల వివరాలు ఎక్కిస్తూ ఆ మాట దగ్గర ఆగిపోయింది. నవల వెనుక ఉన్నది 10 అంకెల ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తించే సంఖ్య. 13 అంకెల పద్ధతి 2007 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అంతకు ముందు అచ్చయిన వాటికి సాధారణంగా పదే. ఆమె సరిగ్గానే టైపు చేసింది. పాత సంఖ్యలను పట్టించుకోనిది నా ప్రోగ్రాం, సంజాయిషీ అడిగింది ఆమెను. అది నన్ను చాలా బాధించింది.

ముందుగా పొరపాటును, హెచ్చరికను విడదీశాను. ఈ వివరాన్ని ఇలాగే సేవ్ చేస్తే పట్టిక పాడవుతుందా అన్నదే కొలత. పుస్తకం పేరు ఖాళీగా ఉంటే ఆపాల్సిందే. ఐఎస్‌బీఎన్ చివర, మిగతా అంకెల నుంచి లెక్కగట్టి పెట్టే తనిఖీ అంకె కుదరకపోతే? దీని మీద రెండు రోజులు తర్జనభర్జన పడ్డాను. చాలాసార్లు అది టైపింగ్ పొరపాటే. కానీ సంఖ్య తప్పుగా అచ్చయిన పుస్తకాలూ ఉన్నాయి. పుస్తకం చేతిలో పట్టుకున్న మనిషిని కాదనడం నాకు నచ్చలేదు. అందుకని హెచ్చరికతో సరిపెట్టాను: "చివరి అంకె మిగతా వాటితో కుదరడం లేదు. పుస్తకం మీది సంఖ్యతో పోల్చి చూడండి. అక్కడా ఇలాగే ఉంటే సేవ్ చేయవచ్చు."

సందేశం ఇప్పుడు పేజీ పైన కాక, ఆ గడి కిందే వస్తుంది. గడిలో రాసింది చెరిగిపోదు. అక్షరం అక్షరానికీ కాకుండా, గడి దాటాకే తనిఖీ జరుగుతుంది.

రంగుల లెక్క తప్పానని కొలిచాక తెలిసింది. మామూలు అక్షరాలకు వెబ్ ప్రమాణాలు కోరే కనీస కాంట్రాస్ట్ (అక్షరాలకు, నేపథ్యానికి మధ్య వెలుగు తేడా) 4.5. తెలుపు మీద అచ్చమైన ఎరుపుకు వచ్చేది 4.0, పసుపుకు 1.07 మాత్రమే! ఎరుపును 7.3 వచ్చేదాకా ముదురు చేశాను. పసుపును నేపథ్యానికి మార్చి, పైన నల్లటి అక్షరాలు పెట్టాను. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని వారికోసం "పొరపాటు", "హెచ్చరిక" అన్న మాటలు కూడా చేర్చాను.

తెర మీది మాటలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మాత్రం మొదట ఏమీ చదవలేదు. సందేశపు పెట్టెను, దానిలోని మాటలను ఒకేసారి పేజీలో చేర్చడమే కారణం. ఖాళీ పెట్టెను మొదటినుంచీ ఉంచి, తర్వాత మాటలు నింపితే చదివింది. పొరపాటుకు 'అలర్ట్' పాత్ర (అది ఏ రకం సందేశమో స్క్రీన్ రీడర్‌కు చెప్పే గుర్తు) ఇచ్చాను, అది చదువుతున్నదాన్ని ఆపి మరీ వినిపిస్తుంది. హెచ్చరికకు 'స్టేటస్' చాలు, తన వంతు వచ్చేదాకా ఆగుతుంది.

"నిజంగా తొలగించాలా?" అన్న ప్రశ్న తీసేశాను, నేనే చదవకుండా అవునని నొక్కుతున్నాను. ఇప్పుడు పుస్తకం వెంటనే పోతుంది, పక్కనే "వెనక్కి తెచ్చుకోండి" అన్న బటన్ మిగులుతుంది.

ఇక తేలనిది ఒక్కటే: బ్రౌజర్ నిల్వ నిండినప్పటి సందేశం. మూడుసార్లు రాసి కొట్టేశాను. పట్టికను ఫైలుగా దించుకోమని చెబుదామంటే, ఆ బటన్ ఇంకా ప్రోగ్రాంలో లేదు. ముందు అది రాయాలి.