తేటగా ఉన్న వెల్‌లో ఏముంది?

మోకాలి కీలు మార్చాక మా పిన్నికి స్టాఫ్ (స్టాఫిలోకాకస్ అనే బాక్టీరియా) ఇన్ఫెక్షన్ పట్టుకుంది. యాంటీబయోటిక్ వాడినన్నాళ్లూ తగ్గేది, ఆపగానే మళ్లీ చీము. కొన్ని బాక్టీరియా కణాలు పెరగడం మానేసి, మందు పోయేదాకా అలా పడి ఉంటాయి. 1944లోనే జోసెఫ్ బిగ్గర్ వాటికి పర్సిస్టర్లని పేరు పెట్టాడు. చాలా మందులు పెరిగే కణాన్నే కొడతాయి. పడుకున్నదాన్ని ఏమీ చేయలేవు.

అప్పటి నుంచి ల్యాబ్‌లో నా ధ్యాసంతా నిక్లోసమైడ్ మీదే. బద్దెపురుగులకు ఇచ్చే పాత మాత్ర అది. బాక్టీరియా తన పొరకు బయట ప్రోటాన్లను పోగేసి, అవి లోపలికి దిగేటప్పుడు శక్తి తీసుకుంటుంది, ఆనకట్ట దగ్గర కరెంటు తీసినట్టు. నిక్లోసమైడ్ ఆ ప్రోటాన్లను దొంగదారిన లోపలికి మోసేస్తుంది. పురుగు కణాల్లో శక్తి తయారయ్యే మైటోకాండ్రియాలో చేసేదీ ఇదే పని. పడుకున్న కణాన్ని కూడా ఇలా దెబ్బతీయొచ్చేమోనని నా ఆశ.

లేత పసుపు పొడి, నీళ్లలో కరగదు. డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కలిపి, 96 వెల్స్ (చిన్న గుంటలు) ఉన్న ప్లేటులో సగం సగం పలచన చేస్తూ వెళ్లాను. మర్నాడు వెలుతురుకు ఎత్తి చూస్తే, మెథిసిలిన్ అనే యాంటీబయోటిక్‌కు లొంగని స్టాఫ్ ఉన్న వరసలో మిల్లీలీటరుకు ఒక మైక్రోగ్రాము మందు కూడా లేని వెల్ తేటగా ఉంది, అంటే బాక్టీరియా పెరగలేదు! పక్క వరసలో ఈ.కోలై అనే ఇంకో బాక్టీరియా మాత్రం పలచటి మజ్జిగలా ఉంది. అది మందును పంపులతో బయటికి తోసేస్తుంది.

ఆ తేట వెల్ లోంచి ఒక చుక్క అగార్ (బాక్టీరియాను పెంచే జెల్లీ) మీద పూశాను. తెల్లారేసరికి కాలనీలు. అంటే బాక్టీరియా ఆగింది కానీ చావలేదు. ఇంకో ప్లేటులో సీరం (రక్తంలోని ద్రవభాగం) కలిపితే ఆ తేట కూడా పోయింది, మందంతా ప్రోటీన్లకే అతుక్కుపోయింది. ఆ రోజు చాలా దిగులేసింది.

అయినా ఈ దారి వదలబుద్ధి కావడం లేదు. మెట్రోనిడజోల్ మొదట ట్రైకోమొనాస్ అనే పరాన్నజీవికి మందే కదా. 1962లో దాన్ని వాడుతున్న ఒక రోగికి చిగుళ్ల పుండు కూడా మానింది. ఇవాళ గాలి అక్కర్లేని బాక్టీరియాకు ముందు గుర్తొచ్చే మందుల్లో అదొకటి. ఫ్లూక్ అనే చదును పరాన్నజీవి పురుగులకు వాడిన బైథయోనాల్ పొరనే చెదరగొట్టి, పడుకున్న స్టాఫ్‌ను కూడా చంపుతుందని 2019లో చూపించారు.

"ఆ పురుగుల మాత్ర నేను వేసుకోనా?" అని పిన్ని అడిగింది. వద్దన్నాను. పేగు నుంచి రక్తంలోకి సరిగ్గా ఎక్కదు, ఇక కీలు దాకా ఏం చేరుతుంది? కానీ కృత్రిమ కీలు లోహానికే పూతగా వేస్తే? చిన్న టైటానియం బిళ్లలు తెప్పించాను, సోమవారం మొదలుపెడుతున్నాను.